కాలక్షేపం అన్న మాట దగ్గరే మొదలుపెట్టండి

అమ్మా, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తేడా ఉంటే దిద్దండి. మీది అమలాపురం ప్రాంతం. పీహెచ్‌డీలో చేరి నాలుగు నెలలైంది. ఆడ మగ తేడా, కుటుంబం, సృజన, ఈ మూడూ కలిసే చోట ఏదో చేయాలని ఉంది. నెలాఖరుకు గైడుగారికి రెండు పేజీల ప్రతిపాదన ఇవ్వాలి. సిద్ధాంతాల పుస్తకాలు దండిగా చదివారు, రాయబోతే మొదటి వాక్యం రావడం లేదు. "తొలి ఊహలు ఎక్కడ ఏరుకోవాలి, ఎవరిని కలవాలి?" అని అడిగారు. అక్కడితో ఆగకుండా పోతూ పోతూ ఒక మాట అన్నారు: "మా అమ్మమ్మ నరసాపురం దగ్గర పల్లెలో లేసు అల్లుతుంది. అయితే అది కాలక్షేపానికే, నా అంశంలోకి రాదనుకుంటాను."

ఆ వాక్యం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. మీరు రాయలేకపోతున్న రెండు పేజీలూ అందులోనే ఉన్నాయి.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి ఇంత ధైర్యంగా అంటున్నాను. మొదటిసారి పాలకొల్లు పక్క పల్లెలకు వెళ్ళినప్పుడు నా సంచిలో అచ్చు వేయించిన ప్రశ్నావళి ఉండేది. అందులో ఆరో ప్రశ్న "చేసే పని". మొదటి ఇంట్లో అరుగు మీద కూర్చున్న ఆవిడను అడిగాను. "నేనేం చేస్తానండీ, ఇంట్లోనే ఉంటాను" అంది. ఆ మాట అంటున్నంతసేపూ ఎడమచేతి చూపుడువేలి మీదుగా తెల్లదారం జారుతూనే ఉంది, కుడిచేతిలో సూది ముక్కు వంచి దారాన్ని అందుకుంటూనే ఉంది. నేను చూస్తూ చూస్తూనే "గృహిణి" అని రాసుకున్నాను. అలా నలభై మూడు ఇళ్ళు తిరిగాను. మూడో రోజు సాయంత్రం నేను దిగిన ఇంటావిడ ఆ కాగితాలు తిరగేసి, "అయితే మా ఊళ్ళో లేసు అల్లేవాళ్ళే లేరన్నమాట" అని నవ్వింది. ఆ కాగితాల కట్ట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కొత్తగా వచ్చే విద్యార్థులకు మొదట అదే చూపిస్తాను.

ఇప్పుడు మీ "కాలక్షేపం" సంగతి చూద్దాం. మన గోదావరి జిల్లాల్లో ఈ మాట రెండు చోట్ల వినబడుతుంది. గుడి ఉత్సవాల కరపత్రంలో "రాత్రి 9 గంటలకు హరికథా కాలక్షేపం" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చిడతలు పట్టి, గజ్జె కట్టి, పూలదండతో భాగవతులు నిలబడితే ఊరంతా చాపలు పరుచుకుని కూర్చుంటుంది. ఆ కాలక్షేపం కళ. చివర సంభావన, శాలువా ఉంటాయి. మీ అమ్మమ్మ చేతిలోని కాలక్షేపానికి ఇవేవీ ఉండవు. మాట ఒక్కటే, ఒకచోట బిరుదుకు దారి, మరోచోట ఉత్త పొద్దుపుచ్చడం. ఈ తేడా ఎప్పుడు ఎలా వచ్చిందో ఆలోచించండి. ఇంకో మెలిక కూడా ఉంది. కపిలేశ్వరపురంలోని సర్వారాయ హరికథా పాఠశాల ఆడపిల్లలకు హరికథ నేర్పింది. అక్కడ నేర్చుకున్న పిల్లల్లో పెళ్ళయ్యాక కథ చెప్పడం సాగించినవారు ఎవరు, మానినవారు ఎవరు, సాగించినవారి ఇళ్ళలో రాత్రి పూట పసిబిడ్డను ఎత్తుకున్నది ఎవరు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకున్నా మీకు మూడేళ్ళ పని దొరుకుతుంది. నేను చేయలేకపోయాను, ఆ దిగులు నాకుంది.

లేసుకు వస్తాను. ఈ అల్లిక మన దగ్గర పుట్టింది కాదు. 19వ శతాబ్దపు నడిమి కాలంలో మిషనరీల ద్వారా వచ్చింది. స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతుల పేరు చెబుతారు. మొదట క్రైస్తవంలో చేరిన పేద ఇళ్ళ ఆడవారు నేర్చుకున్నారు. తర్వాత వ్యవసాయ కుటుంబాలకు పాకింది. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట కట్టడం, కాలువలు రావడం, పంట పెరగడం మీకు తెలిసిన చరిత్రే. కాస్త కలిగిన ఇళ్ళలో ఆడవారు పొలానికి వెళ్ళకపోవడం గౌరవమైంది. గడప దాటకుండా నాలుగు డబ్బులు వచ్చే పని కావాలి, అది పనిలా కనబడకూడదు. లేసు ఆ ఖాళీలో సరిగ్గా ఒదిగింది.

దీనిమీద పేరుపడ్డ పరిశోధన మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్తది. 1970ల చివర ఇక్కడికి వచ్చి చూసి, 1982లో నరసాపురం లేసు కార్మికుల మీద ఆంగ్లంలో పుస్తకం అచ్చువేశారు. ఆమె చెప్పిన ముఖ్యమైన సంగతి, ఈ ఆడవారిని "ఇంట్లో ఊరికే ఉండేవారు" అని పిలవడం వల్లే ఆ కూలి అంత తక్కువగా ఉండగలిగిందని. తీరిక వేళ చేసేదానికి కూలి అడుగుతారా ఎవరైనా? అల్లేది ఆడవారు, ఏజెంట్లు, ఎగుమతిదారులు ఎక్కువగా మగవారు. జనాభా లెక్కల్లో ఆ ఆడవారు పనిచేసేవారి కింద రాలేదు. దీన్నే ఆమె గృహిణీకరణ అన్నారు. మీరు చదవకపోతే ఈ వారమే చదవండి. చదివాక ఒక్కటి గమనించండి. ఆ పుస్తకంలో గంటలు, కూలి, అప్పు, వ్యాపారం చేతులు మారడం, అన్నీ ఉన్నాయి. అల్లిక ఎలా ఉంది, ఎవరి ఊహ, ఎవరు బాగా అల్లుతారు అన్న ముచ్చట నాకు చాలా తక్కువగా కనబడింది. అది తప్పని అనను, ఆమె వచ్చిన పని వేరు. దానికి ఎదురుగా, లేసుకు భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఈ ప్రాంతపు సరుకుకే చెందుతుందన్న సర్కారు గుర్తింపు, జీఐ) వచ్చాక జరుగుతున్న ప్రదర్శనలు చూడండి. అక్కడ అంతా అందమే, "మన అక్కచెల్లెళ్ళ నైపుణ్యం" అంటూ పొగడ్తలే. కూలి ఎంతో ఎవరూ అనరు. ఈ రెండు మాటలనూ ఒకే ఇంట్లో, ఒకే మనిషి దగ్గర కలిపి చూడడం మీ పని కావచ్చు.

అది ఎలాగో ఒక ఉదాహరణ చెబుతాను. నరసాపురం మండలంలో ఒక ఇంట్లో నాకు తుప్పుపట్టిన బిస్కెట్ డబ్బా ఒకటి కనబడింది. ఆ ఇంటి పెద్దావిడకు అప్పటికి డెబ్బై దాటాయి. చూపు తగ్గి అల్లడం మానేసింది. డబ్బాలో ఏముందని అడిగితే సిగ్గుపడుతూ మూత తీసింది. లోపల పాత చీర ముక్కలో చుట్టిన లేసు తునకలు. బొటనవేలి గోరంతవి కొన్ని, అరచేతంతవి కొన్ని. ఏజెంటు నమూనా ఇచ్చి వెళ్ళినప్పుడల్లా ఆవిడ దాన్ని చూసి తనకోసం చిన్న ముక్క అల్లి దాచుకునేదట, మళ్ళీ ఆ రకం పని వస్తే తడుముకోనక్కరలేకుండా. అంతవరకు మామూలే. తీస్తూ తీస్తూ ఒక్కొక్క దానికీ ఒక తేదీ చెప్పడం మొదలుపెట్టింది. "ఇది మా పెద్దది కడుపులో ఉన్నప్పుడు. ఇది ఆయన దుబాయి వెళ్ళిన ఏడు. ఇది తుఫాను ఏడు, దారం తడిసి మచ్చ పడింది చూడండి." చెప్పినవి ఇంటి తేదీలే, ఒక్క సంవత్సరపు అంకె కూడా లేదు. నలభై ఏళ్ళ కుటుంబ చరిత్ర ఆ డబ్బాలో వరుసగా ఉంది.

అడుగున ఒక ముక్క ఉంది. ఎనిమిది రేకుల పువ్వు, రేకు రేకుకూ నడుమ చిన్న ముడి. "ఇది ఏ కంపెనీ నమూనా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కంపెనీది కాదండీ, ఏడు రేకులే ఇచ్చారు. ఏడు రేకులకు పువ్వు ఒకవైపు లాగుతోంది. నేను ఎనిమిది చేసి నడుమ ముడి వేశాను. ఏజెంటు మొదట కోప్పడ్డాడు. తర్వాత అందరికీ ఎనిమిదే చెప్పాడు" అంది. ఆ మాట చెప్పేటప్పుడు పక్కన కూర్చున్న కోడలు అత్తగారి మొహం కేసి వింతగా చూసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న మనిషి, అదే పువ్వు వందల సార్లు అల్లిన మనిషి, అది అత్తగారి పువ్వని ఆ రోజే విన్నది.

అందుకే మీ అమ్మమ్మను "మీరు సృజనాత్మకంగా ఏమైనా చేశారా" అని అడగవద్దు. అలా అడిగితే "లేదమ్మా" అనే అంటారు. "ఇచ్చిన నమూనా ఎప్పుడైనా మార్చారా? ఎందుకు మార్చారు? ఎవరేమన్నారు?" అని అడగండి. మార్పు గురించి అడిగితే మనుషులు చేతులు కదుపుతూ చెబుతారు. ఆ చేతుల కదలిక కూడా రాసుకోండి.

ఇంకొకటి. నేను చాలా ఆలస్యంగా గ్రహించినది కాబట్టి కాస్త ఎక్కువసేపు చెబుతాను. కుటుంబం సృజనకు అడ్డమా, తోడా అని పుస్తకాల్లో వాదనలు చదివి ఉంటారు. ఆ వాదన పక్కన పెట్టి, ఒక పనిని మధ్యలో ఆపగలమా లేదా అన్నది చూడండి. ఒక రోజు పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఒక లేసు అల్లే ఆవిడ పక్కన కూర్చుని, సూది ఎన్నిసార్లు కింద పెట్టిందో గీతలు గీసుకున్నాను. ముప్పై ఒక్కసారి. కుళాయి నీళ్ళు వచ్చాయి, గేదె అరిచింది, మామగారికి మజ్జిగ, పిల్లవాడి బడి సంచి, గ్యాసు బండ, పక్కింటి వాళ్ళ కబురు. సూది పెట్టిన ప్రతిసారీ ఆవిడ కొసన ఉన్న కన్నెను, అంటే సూదికి తగిలిన దారపు ఉంగరాన్ని, కాస్త పెద్దది చేసి వదిలింది, జారకుండా. తిరిగి వచ్చి రెండు సెకన్లలో అందుకుంది. ఆ అల్లికలో ఒక సమయంలో సూది మీద ప్రాణంతో ఉండేది సాధారణంగా ఒకే కన్నె. పైగా పని అంతా చిన్న చిన్న పువ్వులుగా సాగి, చివర అతుకుపనిలో కలుస్తుంది. ముప్పై ఒక్కసారి లేవవలసిన మనిషికి సరిపోయే కళ ఇది. సరిపోయింది కాబట్టే ఇక్కడ నిలిచిందని నా అనుమానం. కుటుంబం బయట ఎక్కడో ఉండి కళను అడ్డుకోవడమో ప్రోత్సహించడమో కాదు, ఆ పువ్వు పరిమాణాన్ని కూడా ఇల్లే నిర్ణయించింది.

ఇప్పుడు నరసాపురం వదిలి ఆత్రేయపురం రండి. పూతరేకుల పని దీనికి పూర్తిగా తలకిందులు. కుండను బోర్లించి, అడుగున ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పక్కన గిన్నెలో నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి, పాలలాగా పలచన. పలచని బట్టను అందులో ముంచి, రెండు కొసలు పట్టుకుని కుండ మీద ఒక్క లాగుడు లాగుతారు. బట్ట వెళ్ళిపోతుంది, తడి నిమిషం కూడా నిలవదు, కాగితం కంటే పలచని పొర కుండకు అంటుకుని ఉంటుంది. అంచు గోటితో లేపి తీయాలి. అరక్షణం ముందైతే చిరుగుతుంది, అరక్షణం ఆలస్యమైతే పెళుసై విరుగుతుంది. మంట ఎక్కువైతే బట్ట చురుక్కుమంటుంది, తక్కువైతే పిండి కారుతుంది. ఒక చేత్తో ఆకు తోస్తూ, మరో చేత్తో రేకు తీస్తూ, చూపు కుండ మీది నుంచి కదలకుండా కూర్చోవాలి. ఇక్కడ ముప్పై ఒక్కసారి లేవడం కుదరదు, లేస్తే కుండ వేడి తప్పుతుంది. నేను కూర్చున్న ఇంట్లో రేకులు తీసే కోడలి పసిబిడ్డను ఆ రెండు మూడు గంటలూ ఆడపడుచు ఎత్తుకుని వీధిలో తిప్పేది. ఆడపడుచు అత్తవారింటికి వెళ్ళాక ఆవిడ రేకులు తీయడం మానేసి, చుట్టే పనికి మారింది. రేకు తీయడం మరిచిపోలేదు, బిడ్డను పట్టుకునే మనిషి లేక మానేసింది. చుట్టడమైతే ఎప్పుడైనా ఆపవచ్చు. తీసే చేతికి, చుట్టే చేతికి డబ్బు ఒకటి కాదని చెప్పనక్కరలేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాగితంలో ఊరి పేరుంది. అంగడి బోర్డు మీద దేవుడి పేరో యజమాని పేరో ఉంటుంది. ఆడపడుచు పేరు ఎక్కడా ఉండదు, ఆ రేకు ఆవిడ వల్ల కూడా వచ్చింది.

మీ అమలాపురం పక్కనే బండారులంక ఉంది, నేతగాళ్ళ ఊరు. అక్కడ ఇదే కొలతతో చూడండి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి గంటల తరబడి లేవడు, సాధారణంగా మగవాడు. ఆపగలిగిన పనులు, కండెలకు నూలు చుట్టడం, ఆసు పోయడం (నేతకు ముందు నూలును వరుసగా పరచడం) వంటివి, ఆడవారికీ ముసలివారికీ వచ్చాయి. చీర నేసింది ఫలానా ఆయన అంటారు. నలుగురి పని ఒకరి పేరు మీద వెళ్తుంది. నేత గురించి ఇంతకంటే నాకు తెలియదు. అక్కడివారిని అడగండి.

ఆడ మగ తేడా అనగానే ఆడవారి గురించే రాస్తాం, అది కూడా ఒక గుంట. గోదావరి తీరంలో కళావంతుల (దేవదాసీల) కుటుంబాలుండేవి. ఆ ఇళ్ళలో ఆట, పాట కూతుళ్ళవి, సంపాదన కూతుళ్ళది, వంశం తల్లి వైపు నుంచి సాగేది. కూతురు పుడితే పండగ చేసుకున్న ఇళ్ళు అవి. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చాక ఆ ఇళ్ళకు పెళ్ళిళ్ళు వచ్చాయి, గౌరవం వచ్చింది, ఆట పోయింది. మిగిలిందేమిటంటే గది తలుపులు మూసి మనవరాళ్ళకు కూడా తెలియకుండా అభినయం పట్టిన ముసలి చేతులు. అదే కాలంలో కూచిపూడి మేళాల్లో మగవారు సత్యభామ వేషం కట్టి పేరు తెచ్చుకున్నారు. భామ ఒక్కతే, ఆ భామను ఆడిన ఆడమనిషికి దక్కనిది మగమనిషికి ఎలా దక్కింది? మంచి ప్రశ్న, కాని ఇది మీ మొదటి క్షేత్రపనికి వద్దంటాను. ఆ కుటుంబాల్లో చాలామంది ఆ గతాన్ని దాచుకుని బతుకుతున్నారు. మీరు వెళ్ళి తలుపు తట్టడమే వారికి నష్టం కావచ్చు. ముందు ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలు చదవండి. ఎవరి పేరూ, ఊరూ రాయవద్దు.

పాటల సంగతి మరిచిపోబోయాను. "ఊర్మిళాదేవి నిద్ర" మీ ఇంట్లో ఎవరికైనా వచ్చా? వాల్మీకి ఊర్మిళను దాదాపు వదిలేశాడు. మన ఇళ్ళలోని ఆడవారు పట్టుకున్నారు. పద్నాలుగేళ్ళు నిద్రపోయిన భార్య దగ్గరికి లక్ష్మణుడు వస్తే, ఆమె పోల్చుకోలేక, పరాయివాడివి ఎవరు నువ్వు అని నిలదీస్తుంది. పరస్త్రీని కోరి చెడినవారి కథలు చెప్పి బుద్ధి చెబుతుంది. రాజ్యం, యుద్ధం అన్నీ గుమ్మం బయటే ఉండిపోయి, గది లోపలి రామాయణం నడుస్తుంది. మా పెద్దమ్మ ఈ పాట మధ్యాహ్నం అప్పడాలు వత్తుతూ పాడేది. అప్పడం గుండ్రం కుదరనప్పుడు ఆ చరణం మళ్ళీ పాడేది. ఇదీ ఆపగలిగే కళే. పాట ఆగినచోట ఆవిడ సొంత మాట ఒకటి అర దూరేది, మరుసటి ఏడు అది చరణమై కూర్చునేది. పుస్తకంలో అచ్చైన పాఠం, మీ ఇంటి పాఠం పక్కపక్కన పెట్టుకుని తేడాలు గుర్తించండి. ఎవరు చేర్చారో తెలిస్తే వంశవృక్షం గీయండి, అమ్మ నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి.

ఇక గ్రంథాలయాలు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయానికి ఒక వారం కేటాయించండి. పాత స్త్రీల పత్రికల కోసం అడగండి. 1902లో సత్తిరాజు సీతారామయ్య ఏలూరు నుంచి మొదలుపెట్టిన "హిందూసుందరి" వంటివి. భండారు అచ్చమాంబ "ధనత్రయోదశి" కథ ఆ ఏడే అందులో వచ్చింది. తొలి తెలుగు కథ ఏది అన్న పోట్లాట ఆ కథ దగ్గరే మొదలవుతుంది, ఆ పోట్లాటలో మీరు దిగకండి. కథ చదవండి. దొంగతనానికి సిద్ధపడ్డ భర్తను ఆపిన భార్య కథ అది. డబ్బు, ఇల్లు, నీతి, ఎవరి మాట చెల్లింది అన్నవి నాలుగు పేజీల్లో ఉన్నాయి.

కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్రను మరోసారి చదవండి, ఈసారి ఆయన కోసం కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలివేసింది. వంటవారు, నీళ్ళు తెచ్చేవారు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ నీళ్ళు మోసి వండింది. ఆ తర్వాత ఆ ఇంటికి వచ్చిపడ్డ ఆడపిల్లలను చూసుకున్నదీ ఆవిడే. ఆయన రాసిన నాటకాలూ, ప్రహసనాలూ, వ్యాసాలూ ఏ ఇంట్లో, ఎవరి చేతి అన్నం తిని రాశారో ఒక కాగితం మీద పక్కపక్కన తేదీలతో పెట్టండి. ఆయనకు ఆటంకం లేని గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో కనబడుతుంది.

అదే ఊళ్ళో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. ఆయన 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు. భార్య సత్యవాణి చిత్రకారిణి, సోదరి బుచ్చికృష్ణమ్మ చిత్రకారిణి. ఒక ఇంట్లో ముగ్గురు. గోడల మీద బొమ్మలు చూస్తూ కిందున్న పేర్లు చదవండి. ఎవరివి ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత, భర్త పోయాక సత్యవాణి ఏం వేసింది, ఎప్పుడు వేసింది అన్న ప్రశ్నతో ఇంటికి రండి. దీని మీద నా దగ్గర జవాబు లేదు, అందుకే ప్రశ్నగా ఇస్తున్నాను.

మీ రెండు పేజీల గురించి ఇక నాలుగు మాటలు. "గోదావరి డెల్టాలో స్త్రీలు, కుటుంబం, సృజన" అన్న శీర్షిక పెట్టకండి, అది ఒక శాఖ పని, ఒక మనిషి పని కాదు. ఒక పని, ఒక ఊరు, పది పన్నెండు ఇళ్ళు చాలు. ఆపగలిగిన పని, ఆపలేని పని అన్న కొలత మీకు నచ్చితే వాడుకోండి, నాకు పేరు పెట్టనక్కరలేదు. నచ్చకపోతే "నమూనా మార్చింది ఎవరు" అన్నది పట్టుకోండి. మొదటి పేజీ అంతా మీ అమ్మమ్మ ఇంట్లో ఒక మధ్యాహ్నం, రెండో పేజీలో ప్రశ్నలు, చివర మీరు చదివిన సిద్ధాంతాల్లో ఏవి ఆ మధ్యాహ్నానికి సరిపోయాయో, ఏవి సరిపోలేదో. గైడుగారు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి. క్షేత్రం నుంచి వచ్చిన వాక్యాన్ని కాదనడం వారికీ కష్టమే.

ఇళ్ళకు వెళ్ళినప్పుడు కొన్ని జాగ్రత్తలు. సార్వా, దాళ్వా కోతల రోజుల్లో వెళ్ళకండి, ఎవరికీ తీరిక ఉండదు. సంక్రాంతి వారం కూడా వద్దు, ఇంటి నిండా చుట్టాలు. మధ్యాహ్నం రెండు దాటాక మంచిది. మీరు తల్లిని అడిగితే కొడుకు జవాబు చెబుతాడు, ఇది ఖాయం. అతన్ని ఆపకండి, అతను చెప్పింది వేరే రంగు సిరాతో రాసుకోండి. అతను లేచి వెళ్ళాక ఆవిడ చెప్పింది దాని పక్కన రాయండి. రెండు రంగుల మధ్య ఉన్న తేడాయే మీకు ఒక అధ్యాయం అవుతుంది. పెద్దవారిని "అత్తయ్యగారూ", "పిన్నిగారూ" అని మీ వైపు పిలిచినట్టే పిలవండి. పరిశోధకురాలినని నిటారుగా కూర్చుంటే వాళ్ళూ నిటారుగానే కూర్చుంటారు. కాసేపు దారం ఉండ పట్టుకోండి, వంకర పువ్వు ఒకటి అల్లండి, నవ్వుతారు, ఆ నవ్వులో నేర్పించడం మొదలుపెడతారు. నేర్పేటప్పుడు మనిషి తన పనిని గురించి చెప్పే మాటలు, అడిగితే చెప్పే మాటలు ఒకటి కావు.

అమ్మమ్మ దగ్గరికి ఈ ఆదివారమే వెళ్ళండి. మొదటిరోజు ఫోను సంచిలోంచి తీయకండి. డబ్బా ఉందేమో అడగండి, ఆవిడది బిస్కెట్ డబ్బా కాకపోవచ్చు, పాత పౌడరు డబ్బా కావచ్చు, దిండుగలీబు కావచ్చు. సూది ఎన్నిసార్లు కింద పెట్టారో గీతలు గీసుకుని ఆ అంకె ఇక్కడ రాయండి, తర్వాతి సంగతులు అప్పుడు మాట్లాడుకుందాం. సఖినేటిపల్లి మీదుగా వెళ్ళేటట్టయితే నరసాపురం రేవు నుంచి చివరి పంటు (నది దాటించే పడవ) ఎన్నింటికో ముందే కనుక్కోండి. నేను ఒకసారి కనుక్కోక, ఎనిమిది రేకుల పువ్వు గురించి రాసుకున్న నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా రేవు దగ్గరి టీకొట్టు బల్ల మీదే కూర్చున్నాను.